పాత కార్ల పని: బరంపురం జీతమా, పర్లాకిమిడి కమీషనా?

ఒడిశాలోని బరంపురంలో ఒక పాత కార్ల షోరూమ్‌లో నాలుగేళ్లు జీతానికి పనిచేశాను. ఐదేళ్లుగా ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో కమీషన్ మీద బళ్లు ఇప్పిస్తున్నాను. డిగ్రీ అయిపోయిన మా మేనల్లుడు ఇప్పుడు నా వెంట పడ్డాడు: "మామయ్యా, రెండిట్లో ఏది మేలు?"

డబ్బు మాట మొదట. షోరూమ్‌లో నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఇన్ని బళ్లు అమ్మి తీరాలన్న లెక్క కూడా నెత్తిన పడుతుంది. కమీషన్‌కు నెల లేదు, మాసాలే. ఆషాఢం వచ్చిందంటే తెలుగువాళ్ల ఫోన్లు ఆగిపోతాయి. అయితే అదే ఆషాఢంలో రథయాత్ర ఉంది. నా దగ్గరకు వచ్చే ఒడియా వాళ్లలో చాలామంది ఆ రోజే తాళాలు చేతికి ఇమ్మంటారు. సరిహద్దు ఊళ్లో ఉన్నందుకు ఆ మాత్రం లాభం. పుష్యమాసానికి మాత్రం మందు లేదు.

పని నేర్చుకోవడానికి షోరూమే మేలు, అందులో నాకు సందేహం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత నీళ్లలో మునిగిన బళ్లు కడిగి, పాలిష్ పట్టి అమ్మకానికి వచ్చాయి. అక్కడి పాత మెకానిక్ ఒకాయన నన్ను పిలిచి సీటు బెల్టును చివరి దాకా లాగించాడు. పైకి కనిపించే మూరెడు శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద ఎర్రటి బురద గీత. ఆ తర్వాత ఏ బండి దగ్గరకు వెళ్లినా ముందు బెల్టు లాగుతాను. కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పినవాడు పెడళ్ల రబ్బరు అరుగుదల దాచలేడని కూడా ఆయనే చెప్పాడు. ఆ గీత గురించి కొనేవాళ్లకు చెప్పాలా అని మేనేజరును అడిగితే, "అడిగితే చెప్పు" అన్నాడు. ఎవరూ అడగలేదు. నేను మానేయడానికి అదొక కారణం.

షోరూమ్‌లో నేర్చుకోలేనివి కాగితాలు. వాటికి వేరే మనిషి ఉండేవాడు. నాలుగేళ్లలో 28వ నంబరు ఫారం నా కంటపడలేదు. పర్లాకిమిడిలో అదే నా అన్నం. పాతపట్నం మాకు పక్క ఊరే, కానీ అది ఆంధ్ర, వేరే రాష్ట్రం. మా జిల్లా ఓడీ 20 నంబరు బండిని అక్కడి బావగారికి అమ్మాలంటే ఇక్కడి ఆర్టీవో నుంచి 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), యాజమాన్యం మార్చడానికి 29, 30, అప్పు తీరిన బండి మీద బ్యాంకు పేరు తీయించడానికి 35. అక్కడ మళ్లీ రోడ్డు పన్ను. ఛాసిస్ నంబరు మీద పల్చని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే నల్లటి మరకలో అంకెలు తెల్లగా తేలతాయి. గోపాలపూర్ ఉప్పుగాలి తిన్న బళ్లలో 3, 8 ఒకేలా వస్తాయి, రెండుసార్లు రుద్దాలి.

మొదటి ఏడాది "ఎన్‌ఓసీ తర్వాత చూద్దాం" అని ఒక బండి సరిహద్దు దాటించాను. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. గడువు దాటింది, తనిఖీలో బండి ఆపారు. షోరూమ్‌లో అయితే ఆ బండి కొన్నతను కౌంటర్ దగ్గర అరిచి వెళ్లిపోయేవాడు. ఇక్కడ అతని భార్య గుడిలో మా అమ్మను నిలదీసింది. కమీషన్ పనిలో కొన్నవాడు ఎప్పటికీ వీధిలోనే ఉంటాడు.

సొంతంగా యార్డు పెట్టేవాళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో నియమం: పాత బళ్ల డీలరు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. బండి తన చేతికి వచ్చినట్టు తెలియజేశాక దాని బాధ్యత డీలరుదే. నాకు ఇది నచ్చింది. అంతకుముందు యార్డులో ఉన్న బండిని ఎవరో తిప్పితే చలానా పాత యజమాని ఇంటికి వెళ్లేది, తిట్లు మాకు వచ్చేవి.

మేనల్లుడి విషయానికొస్తే, ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు, ఫారం చూస్తే ఆవలిస్తాడు. అలాంటివాడు ఈ ఊళ్లో కమీషన్‌కు దిగితే ఏడాదిలో ఊరు మారాలి. బరంపురమే వెళ్లమన్నాను, రెండేళ్లు. వెళ్లేలోగా సోమవారం నాతో ఆర్టీవో ఆఫీసుకు వస్తున్నాడు. పెన్సిలు తెచ్చుకోమన్నాను.