అనువదించిన ప్రశ్నావళికి ఈఎఫ్‌ఏ మేలా, సీఎఫ్‌ఏ మేలా? (జీడీఎంఎస్ ఇటాలియన్ ప్రతి ఆధారంగా)

మనుషులు నిర్ణయాలు తీసుకునే తీరును కొలిచే జీడీఎంఎస్ (జనరల్ డెసిషన్ మేకింగ్ స్టైల్) ప్రశ్నావళిని స్కాట్, బ్రూస్ 1995లో ప్రచురించారు. ఇందులో 25 వాక్యాలుంటాయి. ఐదు తీరులకు తలా ఐదు: ఆలోచించి తేల్చడం, లోపలి స్ఫురణను నమ్మడం, ఇతరుల సలహా మీద ఆధారపడడం, వాయిదా వేయడం, అప్పటికప్పుడు తేల్చేయడం. ఒక్కో వాక్యంతో ఎంత ఏకీభవిస్తారో 1 నుంచి 5 వరకు అంకెతో చెప్పాలి. దీని ఇటాలియన్ ప్రతి ధ్రువీకరణపై ఇటలీలోని బొలోన్యాకు చెందిన గంబెత్తి బృందం వ్యాసం 2008లో వచ్చింది. ఇలాంటి అనువాదం మీద డేటా సేకరించాక మొదట తేలాల్సిన సంగతి ఒకటే: అన్వేషణాత్మక ఫ్యాక్టర్ విశ్లేషణ (ఈఎఫ్‌ఏ) చేయాలా, నిర్ధారణాత్మకం (సీఎఫ్‌ఏ) చేయాలా? ఫ్యాక్టర్ అంటే కొన్ని వాక్యాల జవాబులు కలిసి నడవడానికి కారణమైన దాగిన లక్షణం, ఇక్కడ ఒక్కో తీరు. ఆ ఫ్యాక్టర్లను డేటాలో వెతికేది ఈఎఫ్‌ఏ, ముందే చెప్పిన నిర్మాణం డేటాకు సరిపోతుందా అని చూసేది సీఎఫ్‌ఏ.

అనువాదం వరకైతే సీఎఫ్‌ఏతోనే మొదలుపెట్టాలి. ఎన్ని ఫ్యాక్టర్లున్నాయో, ఏ వాక్యం దేనికి చెందుతుందో మూలరచయితలే చెప్పారు. ఆ మాట ఇటాలియన్‌లోనూ నిలుస్తుందా అన్నదే పరీక్ష. ఈఎఫ్‌ఏ ఆ మాటను పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచీ వెతుకుతుంది. ఐదు ఫ్యాక్టర్లు వస్తే ‘ధ్రువీకరించాం’ అని రాసేస్తారు కానీ, అక్కడ ఓడిపోయే అవకాశమున్న పరీక్ష అసలు జరగనే లేదు.

సీఎఫ్‌ఏలో ఆ అవకాశం ఉంది. 25 వాక్యాలకు మొత్తం 325 వేరియన్స్‌లు (ఒక్కో వాక్యం జవాబుల వ్యాప్తి), కోవేరియన్స్‌లు (రెండు వాక్యాల జవాబులు కలిసి మారే తీరు) ఉంటాయి. మోడల్ అంచనా వేసేవి 60: 25 లోడింగ్‌లు (వాక్యానికీ దాని ఫ్యాక్టర్‌కూ ఉన్న బంధం బలం), 25 ఎర్రర్ వేరియన్స్‌లు (ఫ్యాక్టర్ వివరించలేని భాగం), ఐదు ఫ్యాక్టర్ల మధ్య 10 సహసంబంధాలు. మిగిలిన 265 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మోడల్‌ను పరీక్షించడానికి మిగిలే లెక్కలు) దగ్గరే మోడల్ తప్పు బయటపడుతుంది. మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో (ఫిట్) చెప్పే సూచికల్లో సాధారణంగా కోరేవి: సీఎఫ్‌ఐ 0.95 దగ్గర లేదా పైన, ఆర్‌ఎంఎస్‌ఈఏ 0.06 దగ్గర లేదా కింద, ఎస్‌ఆర్‌ఎంఆర్ 0.08 లోపు.

అయితే ఈ హద్దులు జవాబులను నిరంతర అంకెలుగా తీసుకునే మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ అంచనా పద్ధతి మీద తేల్చినవి. ఐదు మెట్ల జవాబులు ఒకవైపు ఒరిగితే మెట్ల జవాబుల కోసమే ఉన్న డబ్ల్యూఎల్‌ఎస్‌ఎమ్‌వీ అనే అంచనా పద్ధతి వాడడమే సరి. కానీ దానితో ఇవే అంకెలు మోడల్‌ను ఉన్నదానికంటే బాగా చూపించగలవు. అందుకే సీఎఫ్‌ఐ 0.95 దాటిందని అక్కడితో ఆగకూడదు, లోడింగ్‌లను, మోడల్ వివరించలేకపోయిన మిగులు సహసంబంధాలను ఒక్కొక్కటిగా చూడాలి.

సీఎఫ్‌ఏకు అసలైన బలహీనత ఒకటుంది. ప్రతి వాక్యమూ తన ఫ్యాక్టర్‌కే కట్టుబడాలని పట్టుబడుతుంది. స్ఫురణ తీరుకు చెందిన వాక్యాన్ని ‘ఇస్తింతో’ (సహజ ప్రేరణ) అన్న ఇటాలియన్ మాటతో అనువదించారనుకోండి. కొందరు పాఠకులకు అందులో తొందరపాటూ ధ్వనిస్తే, ఆ వాక్యం స్ఫురణ మీద 0.45, తక్షణ నిర్ణయం మీద 0.38 లోడ్ కావచ్చు. సీఎఫ్‌ఏ రెండోదాన్ని సున్నా చేస్తుంది. ఆ భారమంతా రెండు ఫ్యాక్టర్ల మధ్య సహసంబంధంలోకి ఎక్కుతుంది. ఆ రెండు తీరులూ నిజంగానే దగ్గరివని పొరబడతాం. ఎక్కడ సడలిస్తే ఫిట్ పెరుగుతుందో చెప్పే మాడిఫికేషన్ ఇండెక్స్ చూపిన చోటల్లా ఎర్రర్‌ల మధ్య సహసంబంధం పెట్టేస్తే ఫిట్ మెరుగవుతుంది, కానీ అది ఆ శాంపిల్‌కు మాత్రమే కుట్టిన చొక్కా.

ఈఎఫ్‌ఏ అవసరం పడేది సరిగ్గా అక్కడే. సీఎఫ్‌ఏ విఫలమైతే ఏ వాక్యం ఎటు జారిందో అది చూపిస్తుంది. మూల ప్రశ్నావళిలో ఐదో తీరు కూడా ముందు అనుకున్నది కాదు, డేటాలో తేలినదే. చాలామంది దెబ్బతినేది సెట్టింగుల దగ్గర. గణాంక సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఏమీ మార్చకపోతే ప్రిన్సిపల్ కాంపొనెంట్స్ (డేటాను కుదించే పద్ధతి), ఐగెన్ విలువ (ఒక ఫ్యాక్టర్ వివరించే వ్యాప్తి) 1 దాటిన ప్రతిదాన్నీ ఉంచే నిబంధన నడుస్తాయి. మొదటిది ఫ్యాక్టర్ విశ్లేషణే కాదు. రెండోది తరచూ అవసరానికి మించి ఫ్యాక్టర్లు తీస్తుంది. ఫ్యాక్టర్లు తీయడానికి ప్రిన్సిపల్ యాక్సిస్, ఎన్ని ఉంచాలో తేల్చడానికి యాదృచ్ఛిక డేటాతో పోల్చే పారలల్ అనాలిసిస్, ఫ్యాక్టర్ల మధ్య సంబంధాన్ని అనుమతించే ఆబ్లిమిన్ రొటేషన్ తీసుకోండి. ఆ సంబంధాన్ని అనుమతించని వారిమ్యాక్స్ రొటేషన్ వద్దు: వాయిదా వేసేవారు ఇతరుల మీదా ఆధారపడుతుంటారు, ఆలోచించి తేల్చేవారు తొందరపడరు. ఈ తీరులు ఒకదానికొకటి సంబంధం లేనివని ముందే అనేస్తే ఫలితం వంకర పోతుంది.

ఒకే శాంపిల్ మీద ఈఎఫ్‌ఏ చేసి, వచ్చిన నిర్మాణాన్ని అదే శాంపిల్‌పై సీఎఫ్‌ఏతో ‘నిర్ధారించడం’ మాత్రం ఏ పరిస్థితిలోనూ సరికాదు. 600 మంది ఉంటే యాదృచ్ఛికంగా 300, 300 చేయండి. 250 మందే ఉంటే విడగొట్టకుండా సీఎఫ్‌ఏ ఒక్కటే చేయండి. పక్క ఫ్యాక్టర్లపై చిన్న లోడింగ్‌లను అనుమతించే ఈఎస్‌ఈఎమ్ (అన్వేషణాత్మక స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్) మధ్యేమార్గం. స్ఫురణ, తక్షణ తీరుల లాంటి జంట ఉన్నప్పుడు సీఎఫ్‌ఏ పక్కన దాన్నీ నడిపి ఫ్యాక్టర్ల సహసంబంధం ఎంత తగ్గిందో పోల్చడం మంచిది.

ఈఎఫ్‌ఏ, సీఎఫ్‌ఏ రెండూ పట్టుకోలేనిది ఒకటుంది: అందరూ ఒకేలా అపార్థం చేసుకున్న వాక్యం. దాని లోడింగ్ చక్కగానే ఉంటుంది. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ కూడా దాన్ని తరచూ వదిలేస్తుంది, ఎందుకంటే మాటకు మాట పెట్టిన అనువాదం తిరిగి ఇంగ్లీషులోకి చక్కగా వెళ్లిపోతుంది. డేటా సేకరణకు ముందే చదువు, వయసు వేరువేరుగా ఉన్న పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యానికి ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించాలి. సైకాలజీ విద్యార్థులతోనే సరిపెడితే ఈ అడుగు దండగ.

చివరి అడుగు ఇన్వేరియన్స్, అంటే ప్రశ్నావళి రెండు భాషల్లోనూ ఒకేలా కొలుస్తుందా అని చూడడం. ఇటాలియన్ స్కోర్లను ఇంగ్లీషు స్కోర్లతో పోల్చాలనుకుంటే రెండు శాంపిల్‌లనూ ఒకే బహుళ సమూహ సీఎఫ్‌ఏలో పెట్టి, ముందు లోడింగ్‌లు, తర్వాత త్రెషోల్డ్‌లు (జవాబు ఒక అంకె నుంచి తర్వాతి అంకెకు మారే హద్దులు) సమానం చేయాలి. ఒక్కో మెట్టులో సీఎఫ్‌ఐ 0.01 కంటే ఎక్కువ పడితే అక్కడ ఆగాలి. లోడింగ్‌ల మెట్టు దాటి రెండోదాని దగ్గర ఆగితే, ఆ స్కోర్లతో సహసంబంధాలు లెక్కించుకోవచ్చు కానీ సగటులను పోల్చకూడదు.