తిరుమల కొండ గీత, మోహో సరిహద్దు: రెండూ ఒకటి కావు

తిరుపతి నుంచి కొండెక్కేటప్పుడు ఘాట్ రోడ్డు పక్కన కొన్ని చోట్ల కింద పాత గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. రెండూ కలిసే గీతే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. మా పిల్లలు దీన్ని పాఠంలోని మోహోతో కలిపేస్తుంటారు.

కొండ గీత అంటే కాలంలో పడిన ఖాళీ. కింది రాయి ఏర్పడి, ఎండకీ వానకీ అరిగిపోయాక, ఎంతో కాలానికి దాని మీద ఇసుక పేరుకుని పై రాయి అయింది. మధ్యలో దాదాపు 80 కోట్ల ఏళ్లు. ఆ కాలపు రాయి అక్కడ లేనే లేదు. ఆ గీత మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, అన్ని కోట్ల ఏళ్లు దాని కిందే ఉంటాయి. తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మోహో అలా కాదు. అది భూపటలానికీ, దాని కింది ప్రావారానికీ మధ్య హద్దు. ఖండాల కింద సగటున 35 కిలోమీటర్ల లోతు, సముద్రాల అడుగున 5 నుంచి 10. అక్కడ మారేది రాతి కూర్పు, సాంద్రత. భూమి లోపల అది ఉన్నచోటికి వెళ్లి చూసినవాళ్లు లేరు. రష్యాలోని కోలా బోరు కూడా 12 కిలోమీటర్లు దాటగానే ఆగిపోయింది. 1909లో క్రొయేషియా భూకంపం రికార్డుల్లో కొన్ని తరంగాలు అనుకున్నదానికంటే ముందే చేరాయని మొహొరోవిచిచ్ అనే భూకంప శాస్త్రవేత్త గమనించాడు; మోహో పేరు ఆయనదే. మోహో దాటాక వాటి వేగం సెకనుకు 8 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది, అందుకే ముందు చేరాయి.

పరీక్షకు మోహోయే ముఖ్యం. అయినా నేనైతే ముందు కొండ గీతే చూపిస్తాను. అది భూపటలం పైభాగంలోనిదే, మోహో ఇంకా ఎన్నో కిలోమీటర్ల కింద. ఈసారి కొండకు వెళ్తే పిల్లల్ని బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టండి.