ఆస్కీడాక్‌లో స్పెసిఫికేషన్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

హన్మకొండలో మేం వ్యవసాయ మోటార్ల స్టార్టర్ బోర్డులకు స్పెసిఫికేషన్లు రాస్తాం. కరెంటు పోయి వచ్చాక మోటారు ఎన్ని సెకన్లు ఆగి స్టార్ట్ కావాలో చెప్పే అంకె ఒకటి అందులో ఉంటుంది. మోటార్లన్నీ ఒక్కసారే స్టార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది కాబట్టి, ఆ అంకెను ఎవరు, ఎప్పుడు మార్చారో మాకు తెలిసి తీరాలి. ఆస్కీడాక్‌ను, అంటే మామూలు టెక్స్ట్ ఫైల్లో చిన్న చిన్న గుర్తులతో పత్రాలు రాసే పద్ధతిని, నేను వదలకపోవడానికి కారణం ఇదే. వాక్యానికో లైన్ చొప్పున రాసి, ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచే గిట్‌లో పెడితే, మారిన లైన్ పాతదీ కొత్తదీ ఎదురెదురుగా కనిపిస్తుంది. వర్డ్‌లో మార్పులను గుర్తుపెట్టే ట్రాక్ చేంజెస్ లేదని కాదు. ఎవరో ఒకరు 'యాక్సెప్ట్ ఆల్' నొక్కితే ఆ ఫైల్లో ఇక జాడ ఉండదు.

చాలాకాలం ఇది చూసినవాళ్లందరికీ ఆస్కీడాకే వాడమని చెప్పాను. తర్వాత రైతుల కోసం తెలుగులో భద్రతా సూచనల అనుబంధం చేర్చాల్సి వచ్చింది. తెలుగు ఫాంట్ పెట్టి, ఆస్కీడాక్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చే ఆస్కీడాక్టర్ పీడీఎఫ్ అనే టూల్‌తో తీస్తే 'విద్యుత్ ప్రమాదం' అన్న హెచ్చరికే 'విద్‌యుత్ ప్‌రమాదం' అని వచ్చింది. వత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి. ప్రాణాలకు సంబంధించిన మాట అలా అచ్చవుతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. ఫాంట్ మార్చాను, సెట్టింగులు మార్చాను, ఫలితం లేదు. ఆ టూల్ ఆధారపడే ప్రాన్ అనే లైబ్రరీకి అక్షరాన్నీ వత్తునూ కలిపి పేర్చే పని రాదు. ఇంగ్లిష్ ఒక్కటే ఉన్నంతకాలం ఆ లోపం మా కంటపడలేదు.

ఇప్పుడు ముందు హెచ్‌టీఎంఎల్ తీసి, క్రోమ్‌లోంచి పీడీఎఫ్‌గా ప్రింట్ చేస్తున్నాను. బ్రౌజర్‌లో అక్షరాలనూ వత్తులనూ కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. కాకపోతే విషయసూచికలో పేజీ నంబర్లు పోయాయి. మేం ఎప్పుడూ క్లాజు నంబరుతోనే మాట్లాడుకుంటాం, ఆ నంబర్లు వాటంతటవే సరవుతాయి, కాబట్టి నడుస్తోంది. పేజీ నంబర్లు తప్పనిసరైతే లువాలాటెక్ అనే టైప్‌సెట్టింగ్ టూల్ దారి ఉంది, అది నేర్చుకునేంత తీరిక నాకింకా దొరకలేదు.

మా దగ్గర రాసేవాళ్లు కొద్దిమందే, అందరికీ గిట్ వచ్చు. అందుకే నాకిది కుదిరింది. మీ కమిటీలో సగం మందికి వర్డ్ తప్ప ఇంకోటి అలవాటు లేకపోతే, స్టైళ్లు కట్టుదిట్టంగా పెట్టుకుని వర్డ్‌లోనే ఉండమంటాను. మా టెస్టింగ్ ల్యాబ్ వాళ్లు ఇప్పటికీ వర్డ్ ఫైలే అడుగుతారు. ముందు డాక్‌బుక్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి తీసి, దాన్ని పాన్‌డాక్ అనే ఫైళ్లు మార్చే టూల్‌తో వర్డ్‌గా మార్చి ఇస్తాను. గడులు కలిపిన టేబుళ్లను మాత్రం ప్రతిసారీ చేత్తో సర్దుకోవాల్సిందే.