బ్రెయిన్ హాస్పిటల్ ఎమర్జెన్సీకి 5 స్టార్లు, ఓపీకి 2 ఎక్కువే

పొద్దున ఆరున్నరకి నాన్న మూతి ఓ పక్కకి వంకరపోయింది, కుడి చెయ్యి లేవట్లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. పక్షవాతమేమో అని మెదడు, నరాల జబ్బులు మాత్రమే చూసే హాస్పిటల్‌కి పరుగెత్తాం.

లోపలికెళ్ళగానే నర్సు అడిగిన మొదటి మాట, ఎన్నింటికి మొదలైంది అని. ఆరున్నర అన్నాం. అది కాదు, ఆయన బానే ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి అంది. డాక్టర్ కూడా అదే అడిగారు, సీటీ స్కాన్ దగ్గర ఇంకొకాయనా అదే అడిగాడు, నాకైతే చిర్రెత్తుకొచ్చింది. అప్పుడు అమ్మకి గుర్తొచ్చింది, ఐదింటికి బాత్రూంకి లేచి తనతో మామూలుగానే మాట్లాడి మళ్ళీ పడుకున్నారని. ఆ ఒక్క ముక్క కోసమే వాళ్ళ గొడవంతా. మెదడు రక్తనాళంలో కట్టిన రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు, ఆ లెక్క మనం చూసిన టైం నుంచి కాదు, మనిషి బాగున్న ఆఖరి టైం నుంచి. రాత్రి పడుకున్నప్పటి నుంచి లెక్కేసుంటే అప్పటికే దాటిపోయేది.

వేలు గుచ్చి షుగర్ చూశారు (షుగర్ బాగా పడిపోయినా ఇలాగే ఉండొచ్చట), వెంటనే సీటీ తీశారు. గడ్డ కట్టిందో రక్తనాళం చిట్లిందో పైకి చూస్తే తెలీదు, చిట్లితే మాత్రం ఆ ఇంజెక్షనే ప్రాణం మీదకి తెస్తుంది. 7:40కి వెళ్తే 8:20కి ఇంజెక్షన్ పడింది, ఆ తర్వాత పావుగంటకోసారి బీపీ. అమ్మ గుక్కెడు నీళ్ళు పట్టబోతే నర్సు కసిరింది, మింగగలరో లేదో చూసేదాకా చుక్క కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయని. అమ్మకి ఆవిడ మీద ఇంకా కోపమే, నా స్టార్లు మాత్రం సగం ఆవిడవే.

ఇక ఓపీ సంగతి. తర్వాత మళ్ళీ చూపించుకోడానికి పదింటికి రమ్మని ఒంటిగంటన్నరకి పిలిచారు. అక్కడ కూర్చునేవాళ్ళలో సగంమంది వణుకుతూ, తూలుతూ వచ్చేవాళ్ళే, అలాంటిచోట చేతుల్లేని కుర్చీలేంటండీ, లేవాలంటే పట్టుకోడానికేం లేదు, నాన్నని ఇద్దరం పట్టి లేపాం. ఇంతా చేసి డాక్టర్ చూసింది ఐదు నిమిషాలు, మందులు ఎన్నాళ్ళు వాడాలి అంటే జీవితాంతం అనేసి నెక్స్ట్ అన్నారు. ఫిజియో అబ్బాయి మాత్రం చాలా ఓపికమంతుడు, చొక్కా గుండీలు పెట్టుకోడమే ఎక్సర్‌సైజ్‌గా చేయిస్తున్నాడు.

వెళ్ళేవాళ్ళు పేషెంట్ వాడే మందుల చీటీ తప్పకుండా పట్టుకెళ్ళండి. రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నారా అని ఇంజెక్షన్‌కి ముందు అడిగారు, మేం ఇంటికి ఫోన్ చేసి తమ్ముడితో డబ్బాలన్నీ వెతికించాల్సొచ్చింది.