లండన్ ప్యాకేజీలో ‘మిల్ ఎంట్రీ టికెట్’ ఉందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు నుంచి పిల్లల్ని చూడటానికి ఇంగ్లండ్ వెళ్లే పెద్దవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు ప్యాకేజీ కొనిపెట్టే కొడుకులు, కూతుళ్ల కోసం ఈ పోస్టు.

మా అమ్మానాయనలకు తిరుపతిలోనే ఒక ట్రావెల్స్‌లో బుక్ చేశాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఒకరోజు ప్రోగ్రాంలో ఫ్లాట్‌ఫర్డ్ మిల్ అని నది ఒడ్డున పాత పిండిమర చూపిస్తామన్నారు. నీళ్ల చక్రంతో పిండి విసరడం లోపలికెళ్లి చూడొచ్చట, ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ వేసిన అసలు బొమ్మ కూడా అక్కడే ఉంటుందట. ఎంట్రీ టికెట్, గైడు అంటూ మనిషికింత అని విడిగా కట్టించుకున్నారు.

తీరా వెళ్తే లోపలికి ప్రవేశమే లేదు. మిల్లు నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ కట్టడాల సంస్థది, అందులో ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ అనే పర్యావరణ విద్యా సంస్థ కోర్సులు నడుపుతుంది. మామూలు సందర్శకులు బయట నిలబడి చూసి రావాల్సిందే. చుట్టూ ఉన్న పచ్చిక బయళ్లలో నడవడానికి ఎవరూ పైసా అడగరు, కారు పార్కింగుకే డబ్బు. సర్వదర్శనానికి టికెట్ అమ్మినట్టుంది వీళ్ల పని! ఇక ఆ బొమ్మ, 1821 నాటి ‘ది హే వెయిన్’, ఉండేది లండన్ నేషనల్ గ్యాలరీలో. అదీ ఉచితమే.

గైడు రాలేదు. డ్రైవరు దించేసి త్వరగా వచ్చేయమన్నాడు. వానకి కాలిబాట బురద, ఆవులు అడ్డం, నాయనకేమో మోకాళ్ల నొప్పి. అయినా చోటు మాత్రం చాలా బాగుందని అమ్మ ఇప్పటికీ అంటుంది. స్టౌర్ నది, ఆ బొమ్మలో కనిపించే విల్లీ లాట్ ఇల్లు, ఒకప్పుడు కాన్‌స్టబుల్ తండ్రి నడిపిన మిల్లు, అన్నీ పక్కపక్కనే. నడవగలిగినవాళ్లకు ఏజెంటే అక్కర్లేదు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి మానింగ్‌ట్రీలో దిగితే, అక్కడినుంచి సుమారు మూడు కిలోమీటర్లు.

రిఫండ్ అడిగితే ‘సైట్‌సీయింగ్ మారొచ్చు’ అనే చిన్నక్షరాల లైను చూపించారు. మారడం వేరు, లేని టికెట్ అమ్మడం వేరు కదా. ఏ టికెట్ ఎంతో బిల్లులో విడివిడిగా రాయించుకోండి. విదేశీ ప్యాకేజీ అని టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు, అది మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ చూపించే 26ఏఎస్ పత్రంలో కనిపించాలి. మాది ఇంతవరకు కనిపించలేదు. అడిగితే ‘ఆడిటర్ చూసుకుంటాడు సార్’ అంటున్నారు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఇదే టికెట్ కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వేద్దాం.