క్లబ్బులో ఏళ్ళ తరబడి వాడిన ఫోమ్ ట్రైనర్: నా సమీక్ష

మోడల్ విమానాల సమీక్షలు చాలావరకు మొదటి రెండు మూడు ఫ్లైట్లతో ఆగిపోతాయి. పెట్టె విప్పడం, రెక్క బిగించడం, ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్, ఆపైన నక్షత్రాలు. విమానం అసలు గుణం అప్పటికింకా బయటపడదు. నేను రాస్తున్నది మా చిన్న క్లబ్బులో ఏళ్ళుగా ఎగురుతున్న ఒక హై వింగ్ ట్రైనర్ గురించి, అంటే నేర్చుకునేవాళ్ళు రేడియో రిమోట్‌తో నడిపే మోడల్ విమానం గురించి. దాన్ని నేనొక్కణ్ణే కాదు, నేర్చుకుంటానని వచ్చిన ప్రతివాళ్ళూ నడిపారు, నేలకేసి కొట్టారు, అతికించారు. రెక్క పొడవు 1.4 మీటర్లు, ఈపీవో అనే రకం ఫోమ్, మూడు చక్రాలు, నాలుగు ఛానెళ్ళు (విడివిడిగా నడిపే నాలుగు నియంత్రణలు), 3 సెల్ 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. ఈ కొలతలకు దగ్గరగా ఉండే ట్రైనర్లన్నీ ఇంచుమించు ఒకేలా ప్రవర్తిస్తాయి కాబట్టి కంపెనీ పేరుతో పనిలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కళ్ళు మూసుకుని కొనొచ్చు, పక్కన క్లబ్బు ఉంటే. పక్కన చూసిచెప్పే మనిషి లేకపోతే ఇంత మంచి విమానం కూడా మొదటి వారంలోనే ముక్కలై అటకెక్కుతుంది.

గాల్లో దీని నడవడిక గురించి ఎంత చెప్పినా తక్కువే. రెక్క పైన ఉంటుంది, రెండు వైపులా కొద్దిగా పైకి వాలి ఉంటుంది. విమానం ఒక పక్కకు ఒరిగితే అటే జారుతుంది. ఆ జారుడులో కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని మళ్ళీ పైకి లేపుతుంది. రిమోట్ మీది స్టిక్కులు వదిలేస్తే చాలు, కాసేపటికి తనంతట తానే సర్దుకుంటుంది. ఈ కిటుకు ఇవాళ్టిది కాదు. 1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచ్ ఆవిష్కర్త రబ్బరు మెలికతో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్ల పాటు ఎగరేశాడు. రెక్క చివర్లు పైకి వంగి, వెనక ఒక తోక ఉన్న ఆ బొమ్మ, నడిపేవాడు లేకుండానే నిలకడగా పోయింది. మా ట్రైనర్ గాల్లో సర్దుకున్నప్పుడల్లా నాకు పెనో గుర్తొస్తాడు.

స్టాల్, అంటే రెక్కకు విమానాన్ని మోసే బలం పోవడం, అది కూడా మెత్తగా ఉంటుంది. థ్రాటిల్ (మోటార్ శక్తి) తగ్గించి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) లాగి పట్టుకుంటే ముక్కు దించుకుని వేగం అందుకుంటుంది తప్ప ఒక రెక్క మీద పడిపోదు. కొత్తవాళ్ళతో ఈ పని ఎత్తులో పదేపదే చేయిస్తాం. విమానం ఎప్పుడు ఎగరడం మానేస్తుందో చేతికి తెలియకుండా ల్యాండింగ్ నేర్పడం నాకు ఇష్టం ఉండదు.

కొత్తవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైంది దిశ. విమానం మననుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. మనవైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి స్టిక్ కొడితే మన కంటికి ఎడమవైపు వెళ్తుంది. అక్కడే చేతులు బిగుసుకుపోతాయి. మా క్లబ్బులో ఒక పెద్దాయన అందరికీ చెప్పే మాట ఒకటుంది: "ఏ రెక్క కిందికి దిగినట్టు కనిపిస్తోందో స్టిక్‌ని అటే తోయి బాబూ, కిందనుంచి ఎత్తిపట్టినట్టు. కుడీ ఎడమా ఆలోచించకు." విమానం ఎదురుగా వస్తున్నప్పుడు ఈ ఒక్క సూత్రం కాపాడినన్ని విమానాలను ఏ ఎలక్ట్రానిక్స్ కాపాడలేదని నా నమ్మకం.

బడ్డీ బాక్స్, అంటే గురువు రిమోట్‌కూ శిష్యుడి రిమోట్‌కూ ఉండే జత, లేకపోతే ఈ నేర్పుడంతా జరిగేది కాదు. ఇప్పుడు రెండు ట్రాన్స్‌మిటర్లు (రిమోట్లు) వైర్ లేకుండానే కలుస్తాయి. నేర్పేవాళ్ళ దగ్గరున్న స్ప్రింగ్ స్విచ్ పట్టుకున్నంతసేపే నేర్చుకునేవాళ్ళ స్టిక్కులు పనిచేస్తాయి. వేలు వదిలితే విమానం మళ్ళీ నేర్పేవాళ్ళ చేతిలోకి వస్తుంది. వేలు ఎప్పుడు వదలాలన్నదే గురువు పనితనం. తొందరపడి లాగేసుకుంటే పిల్లవాడికి విమానాన్ని సర్దుకోవడం ఎప్పటికీ రాదు. ఆలస్యం చేస్తే ఎత్తు మిగలదు. నేను నేర్పేటప్పుడు విమానాన్ని బాగా పైకి తీసుకెళ్ళి ఇస్తాను. అది వంకర తిరిగినా నోరు మెదపను, వాళ్ళే సర్దుకునేదాకా చూస్తాను. తమ చేతులతో ఒక్కసారి సర్దుకున్నవాళ్ళ మొహంలో వెలుగు చూడాలి. ఆదివారం పొద్దున్నే లేచి ఫీల్డ్‌కు వెళ్ళేది నాకు అందుకే.

దీనితో వచ్చే జైరో (విమానాన్ని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పరికరం) గురించి నా మాట కొందరికి నచ్చదు. గాలి విసురుగా ఉన్నప్పుడు మామూలు స్థిరీకరణ బాగా పనికొస్తుంది, కాదనను. కానీ తనంతట తానే రెక్కలు సమం చేసే మోడ్‌లో ఎక్కువకాలం నేర్చుకుంటే చేతికి తప్పుడు అలవాటు పడుతుంది. ఆ మోడ్‌లో మలుపు తిరిగినంతసేపూ ఎయిలరాన్ (రెక్క వెనక అంచున ఉండి విమానాన్ని ఒరిగించే పలక) పట్టుకునే ఉండాలి, వదిలితే విమానం రెక్కలు సమం చేసుకుంటుంది. మామూలు విమానం అలా కాదు. ఒరగనివ్వాలి, స్టిక్ మధ్యకు తేవాలి, ఎలివేటర్ కొద్దిగా లాగి మలుపు తిప్పాలి, బయటికి రావడానికి ఎదురు ఎయిలరాన్ ఇవ్వాలి. జైరో అలవాటైనవాళ్ళు తర్వాత వేరే విమానం నడిపితే మలుపులో ఎయిలరాన్ పట్టుకునే ఉంటారు, విమానం ఇంకా ఇంకా ఒరిగిపోతుంది. అందుకే మా దగ్గర మొదటి కొన్ని ఫ్లైట్లు దాటాక ఆ స్విచ్ ఆపేస్తాం.

గాలి విషయంలో దీనికి హద్దుంది. అంత పెద్ద రెక్కకు అంత తక్కువ బరువు కాబట్టి ఎదురుగాలి వస్తే తేలిపోతుంది, దిగనంటుంది. ఫైనల్‌లో, అంటే రన్‌వే మీదికి దిగే చివరి దశలో, థ్రాటిల్ పూర్తిగా కోసేయకుండా కాస్త ఉంచి, ముక్కు కొంచెం దించి తీసుకురావాలి. చెట్ల కొమ్మలు గట్టిగా ఊగుతున్న రోజున ట్రైనర్ పెట్టెలోనే ఉంటే మంచిది.

ఇక మరమ్మతు. ఈ విమానం మీద నాకున్న గౌరవమంతా ఇక్కడినుంచే వచ్చింది. ఫోమ్ సొట్టపడితే వేడినీళ్ళు పోస్తే ఉబ్బి చాలావరకు పాత ఆకారానికి వస్తుంది. ముక్కు విరిగితే కంగారు పడక్కర్లేదు. విరిగిన చోట గింజలు గింజలుగా కనిపిస్తాయి, ఆ గింజల గుంటలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఆ ముఖాన్ని తుడవకూడదు, సాండ్ పేపర్ పెట్టకూడదు. ముందు జిగురు లేకుండా కలిపి చూసుకోవాలి. తర్వాత ఒక వైపు పలచగా మీడియం సీఏ (సూపర్ గ్లూ రకం జిగురు) రాసి, నొక్కి, పట్టుకోవాలి. ఈపీవో ఫోమ్‌ను సీఏ కరిగించదు. మామూలు తెల్ల థర్మాకోల్ మీద మాత్రం అదే సీఏ వేస్తే కళ్ళ ముందే గుంటపడిపోతుంది, జాగ్రత్త. మోటార్ కూర్చునే చోట సీఏ చాలదు, అక్కడ ఎపాక్సీనే (రెండు భాగాలు కలిపి రాసే గట్టి జిగురు) వాడతాం. రెక్క విరిగితే విరిగిన గీతకు అడ్డంగా గాటు పెట్టి సన్నటి కార్బన్ కడ్డీ దించి అతికిస్తాం.

మరమ్మతు తర్వాత చాలామంది మర్చిపోయేది సీజీ, అంటే విమానం బరువు తూగే చోటు. ప్రతి అతుకూ కొంత బరువు పెంచుతుంది. అదంతా ముక్కు దగ్గరే చేరితే విమానం ముందుకు బరువెక్కి ఎలివేటర్‌కు సరిగ్గా స్పందించదు. వెనక బరువెక్కితే ఇంకా ప్రమాదం, గాల్లో అసలు నిలవదు. ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య వేళ్ళు ఆనించి ఎత్తి చూడాలి. మా ట్రైనర్‌లో బ్యాటరీ ఉండే చోటు ఇప్పుడు కొత్తలో కన్నా బాగా వెనక్కి జరిగింది.

లోపాలూ ఉన్నాయి. ముందు చక్రం తీగ ప్రతి గట్టి ల్యాండింగ్‌కూ వంగుతుంది, వంగుతూ ప్లాస్టిక్ పట్టును కూడా చీలుస్తుంది. మేం చివరికి అక్కడ ప్లైవుడ్ ముక్క పెట్టాం, అప్పటినుంచి గొడవ లేదు. సర్వోల్లో (పలకలను కదిపే చిన్న మోటార్లు) గేరు పళ్ళు ప్లాస్టిక్‌వి. దెబ్బ తగిలాక ఎలివేటర్‌ను వేలితో మెల్లగా కదిపి చూస్తే ఒకచోట గరుకుగా తగులుతుంది. తగిలిందంటే సర్వో మార్చాల్సిందే, వాయిదా వేయకూడదు. స్టిక్కర్లు ఎండకు ఊడిపోతాయి. కింది వైపు తెల్లగా ఉండటం వల్ల మబ్బు రోజున పైభాగం కనిపిస్తోందో కింది భాగం కనిపిస్తోందో తెలియదు, అందుకని రెక్క కింద వెడల్పాటి నల్ల పట్టీలు వేశాం. ఆ పని కంపెనీవాళ్ళే చేసి ఇవ్వాల్సింది.

ఎడమ రెక్కలో సర్వో మార్చిన రోజొకటి ఇక్కడ చెప్పాలి. మార్చిన కుర్రాడు చురుకైనవాడు. రన్‌వే పక్కన నిలబడి స్టిక్ కదిపి "అన్నీ ఆడుతున్నాయన్నా" అన్నాడు. పెద్దాయన విమానం వెనక్కి వెళ్ళి నిలబడి "కుడికి కొట్టి పట్టుకో" అన్నారు. కుడి ఎయిలరాన్ పైకి లేచింది. ఎడమది కిందికి దిగాలి కదా, అదీ పైకే లేచింది. కొత్త సర్వోకి రాడ్డు ఎదురు వైపు బిగించారు, అంతే. కదులుతోందా అని చూసేవాళ్ళకు అది ఎప్పటికీ కనిపించదు, ఏ దిక్కుకు కదులుతోందని చూసేవాళ్ళకే కనిపిస్తుంది. అప్పటినుంచి మరమ్మతు చేసినవాళ్ళు కాకుండా వేరొకరు వెనక నిలబడి చూడాలన్నది మా క్లబ్బులో రూలు. ఒంటరిగా ఎగరేసేవాళ్ళకు ఆ రెండో జత కళ్ళు ఉండవు.

రేడియో గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అడ్డొచ్చే బెంగ తీరింది. పెద్దవాళ్ళు పాత రోజుల గురించి చెప్తుంటారు. అప్పట్లో ఒకే ఛానెల్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మీద ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలిపోయేదట. అందుకే ఫీల్డ్‌లో ఒక బోర్డు, ఛానెల్‌కో పిన్ను. పిన్ను తన దగ్గర లేనిదే ఎవరూ స్విచ్ ముట్టేవారు కాదు. ఇప్పుడు బోర్డు పోయింది కానీ రేంజ్ చెక్ పోలేదు. ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గించే మోడ్‌లో పెట్టి ముప్పై అంగలు వెనక్కి నడిచి అన్నీ కదులుతున్నాయో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు.

లైపోల సంగతి మాత్రం ఖచ్చితంగా పాటించాలి. నిండితే సెల్‌కు 4.2 వోల్టులు, దాచేటప్పుడు 3.8 దగ్గర. 2200 బ్యాటరీని 2.2 ఆంపియర్లతో బ్యాలన్స్ చార్జింగ్ (సెల్‌లన్నీ సమంగా నిండేలా) చేస్తే చాలు, తొందరపెట్టి వేడెక్కించొద్దు. నిండా చార్జ్ చేసి వాన వల్ల ఫ్లయింగ్ రద్దయితే చాలామంది అలాగే వారాల తరబడి వదిలేస్తారు. క్లబ్బులో ఉబ్బిన బ్యాటరీల్లో ఎక్కువ భాగం ఎగిరి చెడినవి కావు, నిండుగా కూర్చుని చెడినవి. చార్జింగ్‌లో పెట్టి మనిషి పక్కకు వెళ్ళకూడదు. బ్యాటరీ కలిపిన క్షణం నుంచి ప్రాప్ (ప్రొపెల్లర్) తిరుగుతున్నట్టే లెక్క. దాని ఎదురుగా గానీ, తిరిగే వరుసలో గానీ చెయ్యి పెట్టకూడదు.

బాల్సా అనే తేలిక కర్రతో విమానాలు కట్టేవాళ్ళు ఫోమ్‌ను చిన్నచూపు చూస్తారు. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. 2003లో అమెరికన్ మోడలర్ మేనార్డ్ హిల్ బృందం తయారుచేసిన 5 కిలోల లోపు మోడల్ న్యూఫౌండ్లాండ్ నుంచి ఐర్లండ్ దాకా దాదాపు 39 గంటలు ఎగిరి అట్లాంటిక్ దాటింది. దాన్ని కట్టింది బాల్సాతోనే. కర్ర కోసి, రిబ్బులు నిలబెట్టి, ఫిల్మ్ ఇస్త్రీ చేసి కట్టుకున్న విమానం గాల్లోకి లేస్తుంటే కలిగే ఆనందం వేరు. కానీ మొదటి నెలలో నేలకు కొట్టుకునే విమానం ఆ రోజే అతుక్కుని మళ్ళీ ఎగరాలి. ఫోమ్ అది చేస్తుంది. బాల్సా అయితే నేర్చుకునేవాళ్ళకు ఆ నెలంతా కట్టడంతోనే సరిపోతుంది.

చిన్న క్లబ్బుకు ఉండే ఇబ్బంది ఒకటి దాచకుండా చెప్పాలి. గడ్డి కోసేదీ, విండ్ సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) కట్టేదీ, నేర్పేదీ ఆ నలుగురే. వాళ్ళలో ఇద్దరు రాకపోతే ఆ వారం ఎవరికీ పాఠం ఉండదు. చేరాలనుకునేవాళ్ళు ముందు రెండు ఆదివారాలు ఊరికే వచ్చి చూడండి. "ల్యాండింగ్!" అని గట్టిగా అరిచి దిగుతున్నారా, రన్‌వే మీదికి వెళ్ళేముందు మిగతా పైలట్లకు చెప్తున్నారా, విమానాలు మనుషుల తలల మీదుగా పోకుండా అందరూ ఒకే గీత వెనక నిలబడుతున్నారా గమనించండి. అవి సరిగ్గా ఉంటే మనుషులు తక్కువైనా మంచి క్లబ్బే.

కొనేవాళ్ళు విమానంతో పాటే తీసుకోవాల్సినవి: ప్రాప్‌లు నాలుగైదు, ముందు చక్రం తీగ ఒకటి, సర్వోలు రెండు, బ్యాటరీలు కనీసం మూడు. ప్రాప్ అంచు కొంచెం చిట్లినా పారేయండి, బిగించేటప్పుడు అంకెలు రాసిన ముఖం ముందుకు ఉండాలి. విరిగిన పాత రెక్కను మాత్రం పారేయకండి. మా ట్రైనర్ ముక్కులో సగం దాని మొదటి రెక్క నుంచి కోసి తీసిన ఫోమే.