మొక్కల తొట్టికి ఏ లైటు మేలు? కర్నూలు నీళ్లతో కలిపి చూద్దాం

కర్నూల్లో చేపల తొట్టి ఉన్నవాళ్లు ఈమధ్య ప్లాస్టిక్ మొక్కలు పారేసి నిజం మొక్కలు పెడుతున్నారు. వాలిస్నేరియా, అనుబియాస్, జావా ఫెర్న్ లాంటివి. నెల తిరిగేసరికి ఆకులు పాలిపోతాయి, అంచులకు పాకుడు పడుతుంది. అప్పుడు వచ్చే ప్రశ్న ఒకటే: "లైటు చాల్లేదేమో అన్నా, ఇంకా పెద్దది కొనాలా?" బల్బు నుంచి ఎంత వెలుగు బయల్దేరుతోందో డబ్బా మీద రాసుంటుంది. అందులో ఆకు దాకా ఎంత చేరుతోందో ఎవరూ రాయరు. మన ఊళ్లో తేడా అక్కడే వస్తుంది.

ముందు లైట్లు. పాత లావు ట్యూబ్‌లైట్, అంటే టీ8, గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. చుట్టుపక్కల గాలి 25 డిగ్రీలుంటే అది బాగా వెలుగుతుంది. వేడి పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మే నెలలో మూసిన హుడ్ (లైటు బిగించిన తొట్టి పైమూత) లోపల 25 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి? సన్న ట్యూబ్ టీ5 ఈ విషయంలో మేలు, దాన్ని తయారుచేసిందే 35 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా వెలిగేలా. పైగా తొట్టి పొడవునా ఒకే తీరుగా వెలుగు పరుస్తుంది, నీడలు పడవు. కానీ ట్యూబ్ ఏదైనా నాలుగు వైపులా వెలుగుతుంది. పైన మంచి రిఫ్లెక్టర్ లేకపోతే సగం వెలుగు హుడ్డుకే. ఏడాది, ఏడాదిన్నరకు వెలుగు తగ్గిపోతుంది కాబట్టి మార్చాలి, ఆ ట్యూబులు ఇప్పుడు ఇక్కడి ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే తెప్పిస్తామంటారు తప్ప చేతికివ్వరు.

ఎల్ఈడీకి రిఫ్లెక్టర్ గొడవ లేదు, వెలుగంతా కిందికే పడుతుంది. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలంగా వెలిగే చిప్పు, దాని మీద ఆ నీలంలో కొంత పసుపు వెలుగుగా మార్చే ఫాస్ఫర్ పూత. ఆ నీలం ఎల్ఈడీకే 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. తీసుకున్న ముగ్గురిలో హిరోషి అమానో ఒకరు. మొక్కల తొట్టెలకు పేరు తెచ్చిన తకాషి అమానో వేరే మనిషి, ఇద్దరినీ కలిపేయకండి. ఈ నీలం సంగతి గుర్తుపెట్టుకోండి, నీళ్ల దగ్గర పనికొస్తుంది.

ఎల్ఈడీల్లో మళ్లీ రెండు పోటీపడతాయి: గోడకు కొట్టే మామూలు బ్యాటెన్, బయట వాడే ఫ్లడ్‌లైట్. ఫ్లడ్‌లైట్‌ను అడుగు, అడుగున్నర ఎత్తున వేలాడదీయాలి. దాంతో మధ్యలో ఎండ కాసినట్టు, మూలల్లో చీకటి, సగం వెలుగు హాల్లో కూర్చున్నవాళ్ల కళ్లల్లో. రెండడుగుల లోతు తొట్టికైతే సరే. ఒకటిన్నర అడుగుల లోతు తొట్టికి 6500 కెల్విన్ (అంటే చల్లని తెలుపు రంగు) బ్యాటెన్లు రెండు, మూత అద్దానికి దగ్గరగా పెడితే చాలు.

దగ్గరగా పెట్టడంలో ఒక కిటుకు ఉంది. నీళ్లలోకి దిగిన కాంతి వంగి నిటారు వైపు జరుగుతుంది. పైనుంచి, నిటారు గీతకు సుమారు 62 డిగ్రీల లోపు వాలుతో దిగిన కిరణం పక్క అద్దానికి తగిలినా బయటికి పోదు, లోపలికే తిరిగి వస్తుంది. బ్యాటెన్ వెలుగులో ఎక్కువ భాగం ఇటు 60, అటు 60 డిగ్రీల లోపే ఉంటుంది. అంటే పక్క అద్దాలు లోపలి నుంచి నిలువుటద్దాల్లా పనిచేస్తాయి. ఆ అద్దాలకు పాకుడు పట్టిందా, మొక్కకు రావాల్సిన వెలుగును అది తినేస్తుంది. వెనక అద్దం ఎవరు చూస్తారులే అని వదిలేసేవాళ్లు దాన్ని కూడా గీకితే మంచిది.

గులాబీ, నీలం కలిసి వెలిగే లైట్ల మీద నాకు సదభిప్రాయం లేదు. ఎరుపు, నీలం మొక్కకు ఇష్టమన్నది నిజమే, కానీ ఆకు పచ్చకాంతిని కూడా వాడుకుంటుంది. పైగా ఆ వెలుగులో చేప జబ్బుతో పాలిపోయినా కనబడదు.

ఇక నీళ్లు. "బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అందుకే లైటు లోపలికి దిగదు" అనే మాట తరచూ వింటాం. కర్నూలు, కడప కింద సున్నపురాయి పొరలున్నాయి, కాబట్టి బోరు నీళ్లు కఠినంగా ఉండటం మామూలే. కానీ కరిగి ఉన్న కాల్షియం వెలుగును ఆపదు. తేటగా ఉన్న నీళ్లు కూడా ఆపేది తక్కువే. ఒకటిన్నర అడుగుల లోతుకు 450 నానోమీటర్ల నీలంలో అర శాతం కూడా పోదు. 650 దగ్గర ఎరుపులో ఏడో వంతు, 700 దగ్గర నాలుగో వంతు పోతుంది. సముద్రం లోతుల లెక్కలు చదివి ఇంట్లో తొట్టికి భయపడనక్కర్లేదు.

మరి ఉప్పు నీళ్లు ఎక్కడ దెబ్బతీస్తాయి? మూత అద్దం మీద. ఆవిరి లేచి, గాలి బుడగలు చిట్లి తుంపర్లు ఎగిరి, అద్దం అడుగున చుక్కలు చుక్కలుగా ఆరిపోతాయి. ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి వలయం. వాటి మీద మళ్లీ వలయాలు. కొన్నాళ్లకు ఆ అద్దాన్ని తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి మొహం ఆనదు. శుభ్రమైన అద్దమే రెండు వైపులా కలిపి 8 శాతం దాకా వెలుగును తిప్పికొడుతుంది, ఇక ఇది ఎంత ఆపుతుందో మీరే కొలవొచ్చు. ఫోన్లో వెలుగు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసి, లైటు కింద అద్దం ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. గుడ్డకు వెనిగర్ అద్ది, అద్దాన్ని తొట్టికి దూరంగా పెట్టి తుడిస్తే ఆ తెలుపు పోతుంది.

ఆ యాప్‌తోనే లైటు చాలుతుందో లేదో కూడా అంచనా కట్టొచ్చు. 6500 కెల్విన్ తెల్ల లైటుకైతే లక్స్‌ను 70తో భాగిస్తే మొక్కకు అందే కాంతి మైక్రోమోళ్లలో (చదరపు మీటరు మీద సెకనుకు పడే కాంతికణాల లెక్క) సుమారుగా వస్తుంది. 2,000 లక్స్ అంటే 30 దాకా. అనుబియాస్, జావా ఫెర్న్‌లకు అది సరిపోతుంది. గులాబీ లైటు కింద ఈ లెక్క పనికిరాదు, లక్స్ అనేది మనిషి కంటికి కట్టిన కొలత.

కొళాయి నీళ్ల తంటా వేరు. తుంగభద్రకు కొత్తనీరు వచ్చిన రోజుల్లో ఒక్కోసారి మసకగా వస్తాయి. ఆ సన్న ఒండ్రు వెలుగును నీళ్లలోనే చెదరగొడుతుంది, ఆకుల మీద పొరగా కూర్చుంటుంది. డ్రమ్ములో రాత్రంతా తేర్చి, పైనీళ్లు మాత్రమే పోయండి. పటిక తిప్పాలనుకుంటే ఆ పని డ్రమ్ములోనే, తొట్టిలో వద్దు.

బాదం ఆకులు, చెట్టు మొద్దులు వేసి టీ రంగు తెప్పించిన తొట్టి ఇంకో రకం. ఆ రంగు మొదట మింగేది నీలాన్నే, అంటే తెల్ల ఎల్ఈడీలో బలమైన భాగాన్నే. అలాంటి తొట్టికి 6500 కన్నా 4000 కెల్విన్ బ్యాటెన్ నయం, దాని వెలుగులో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ. టీ5 ప్రేమికులు ఏమనుకున్నా, ఇక్కడా నేను టీ5కు ఓటు వేయను.

ఆర్వో నీళ్లతో తొట్టి నింపితే వెలుగు పెరుగుతుందా? పెరగదు. ఖర్చు దండగ, పైగా మొక్కకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా బోరు నీళ్లలోని బైకార్బొనేట్‌ను కూడా కార్బన్ కోసం వాడుకుంటాయి, కాబట్టి మన నీళ్లు వాటికి అచ్చొస్తాయి. ఆర్వో క్యాన్ పనికొచ్చేది వేసవిలో, ఆవిరైన మేరకు పైన పోయడానికి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పు లోపలే మిగిలి చిక్కబడుతుంది, అద్దం మీద వలయాలూ దట్టమవుతాయి.

వేసవిలో ఇంకో లెక్క ఉంది. నీళ్లు వేడెక్కితే మొక్క శ్వాస పెరుగుతుంది, నిలదొక్కుకోవడానికి ఎక్కువ వెలుగు కావాలి. అలాగని వాట్లు పెంచితే ఆ వాట్లన్నీ చివరికి వేడే. అందుకే మే నెలలో 54 వాట్ల టీ5 హుడ్డు మూసి పెట్టడం కన్నా, 20 వాట్ల బ్యాటెన్లు రెండు తెరిచిన తొట్టి మీద పెట్టి వలమూత వేయడం మేలు. అద్దం అడ్డం ఉండదు, వేడి పైకి పోతుంది. నీళ్లు మాత్రం తొందరగా తగ్గుతాయి, బ్యాటెన్ వైరింగ్‌కు తేమ తగలకుండా ఎలక్ట్రీషియన్ చేత సీలు చేయించాలి.

ఇప్పటికే టీ5 బాగా నడుస్తున్నవాళ్లు ట్యూబ్ పోయేదాకా ఉంచుకోండి. కొత్తగా కొనేవాళ్లు మాత్రం 6500 కెల్విన్ బ్యాటెన్లు, ఓ వెనిగర్ సీసా కలిపే కొనండి. మూత అద్దం తుడిచి, వారం చూసి, అప్పటికీ అడుగున 1,500 లక్స్ రాకపోతేనే మూడో బ్యాటెన్.